విమానం నీడ

తొండుపల్లి కుర్మయ్య కథ మొదలుపెడితే గొర్రెలు కూడా ఈత కొట్టేవి. ఊరంతా కడుపుబ్బ నవ్వేది. తల్లీతండ్రీ పోయిన మనవరాలు అఖిల "నాకే ఎందుకు తాతా రోజూ గోలీలు?" అని అడిగిన నాడు కూడా ఆయన నోటికి నిజం రాలేదు, కథే వచ్చింది.

"నీ మీద విమానం నీడ పడ్డది బిడ్డా. అది దిగేదాక మింగాలె."

ఆ కథ ఐదేళ్లు నడిచింది. అఖిల పదమూడో ఏట చెడింది.

ఆ నెల దవాఖానలో కౌన్సెలర్ స్వర్ణలత మందు సీసా బోర్లించి లెక్కపెడితే తొమ్మిది గోలీలు ఎక్కువ మిగిలాయి. "ఎందుకు మానేసినవ్ అఖిలా?"

"తాతది అబద్ధం అక్కా. మా ఊరి పక్క ఎయిర్‌పోర్టు నా మూడో తరగతిల మొదలైంది. నేను ఒకటో తరగతిల ఉన్నప్పటికెళ్లే మింగుతున్న. నీడ యాడికెళ్లొచ్చింది? మా ఊరి బర్రెల మీద గూడ రోజూ పడుతది. వాటికేవి గోలీలు?"

స్వర్ణలత నవ్వు ఆపుకొంది. "పోయినేడే నిజం చెప్పమన్న గద తాతా," అంది పక్కనున్న కుర్మయ్యతో.

కుర్మయ్య తలరుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. నిజం చెబితే పిల్ల తనను వదిలేస్తుందేమోనని ఇన్నాళ్ల భయం. చెప్పకపోతే పిల్లే దక్కేలా లేదు.

"ఎనకట ఒక రాజుకు..."

"కథ వద్దు తాతా."

"నీ నెత్తుట్ల హెచ్ఐవీ ఉంది బిడ్డా. మీ అమ్మకుండె. ఆమెకెళ్లే నీకొచ్చింది. నీ తప్పు లేదు, ఆమె తప్పూ లేదు."

అఖిల స్వర్ణలత వైపు తిరిగింది. "చచ్చిపోతనా?"

"రోజూ మింగితే అది పండుకునే ఉంటది," అంది స్వర్ణలత. "చదువుకుంటవ్, కొలువు చేస్తవ్, పెళ్లి గూడ చేసుకుంటవ్. మానేస్తేనే లేస్తది."

"తాతకు అంటుకుంటదా?"

"నీ కంచంల మిగిలింది రోజూ తినేది నేనే గద," అన్నాడు కుర్మయ్య. "నాకేమైంది, బొజ్జ తప్ప?"

తిరుగు బస్సు ఎక్కి శంషాబాద్‌లో దిగాక అఖిల తీర్పు చెప్పింది. "నీకు శిక్ష. రోజూ నేను గోలీ మింగేటప్పుడు ఒక నిజం చెప్పాలె."

"రోజూనా! గన్ని నిజాలు నాకాడ యాడున్నయ్ బిడ్డా?"

ఆ సాయంత్రం ఒక చేత గోలీ, ఒక చేత నీళ్ల గ్లాసుతో అఖిల ఎదురుగా కూర్చుంది. కుర్మయ్య బుర్ర గోక్కున్నాడు.

"మంఖాల్ గుట్టల పులిని తరిమిన అంటి సూడు... అది కుక్క. తరిమింది గూడ అదే."

అఖిల పకపకా నవ్వింది. నవ్వు ఆగాక గోలీ మింగి, గ్లాసు బోర్లించింది.

"రేపటి నిజం ఇప్పటికెళ్లే ఎతుక్కో తాతా."