డోరు కింది నల్ల పట్టీ

మా నాన్నకి పిల్లలు ఇద్దరు. నేనూ, రెండు తలుపుల ఆ పాత స్పోర్ట్స్ కారూ. ముద్దంతా దానికే. "ఇరవై ఏళ్లయింది, ఒక్క గీత పడలేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. "పడిన రోజునే అమ్మించేస్తాను" అని అమ్మ వెనక నుంచి అందుకునేది.

అలాంటి మనిషి మొన్న శనివారం మొదటిసారి తాళం నా చేతిలో పెట్టాడు.

"ఆరింటికల్లా తెచ్చెయ్యి అమ్మడూ. చెక్కుచెదరకుండా తెస్తే ఇక ప్రతి శనివారం నీదే."

నాకు ముప్పై నాలుగేళ్లు. ఆ మాట కోసం పదహారేళ్లు కాచుకున్నాను.

పదకొండింటికి పార్కింగులో వెనక్కి తిప్పుతుంటే సిమెంటు గట్టు తగిలింది. దిగి చూస్తే డోరు కింది నల్ల ప్లాస్టిక్ పట్టీ జానెడు పొడవున పగిలింది. ఆ కంగారులో చిటికెలో అతుక్కునే జిగురు కొని ట్యూబంతా పిండాను. అతుక్కోలేదు సరికదా, చుట్టూ తెల్లటి మరకలు లేచాయి. నా మీద నాకే ఒళ్లు మండింది.

బంపర్లు అతికే మేస్త్రీ షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన చూస్తూనే మొహం చిట్లించాడు.

"ఈ రకం ప్లాస్టిక్‌కి జిగురు అంటదమ్మా. కరిగించి కలపాల్సిందే."

మరలు విప్పి పట్టీ బయటికి తీశాడు. వెనక్కి తిప్పి, ఒక్క క్షణం ఆగి నవ్వాడు. నేను పగలగొట్టిన చోటికి బెత్తెడు దూరంలో ఇంకో పాత అతుకు ఉంది. దాని పక్కన వేడి కడ్డీ మొనతో గీసిన అక్షరాలు: తొమ్మిదేళ్ల కిందటి తారీఖు, "పెద్దాయన, గేటు".

"నా చేతి పనే. ఎవరు తెచ్చారో, దేనికి తగిలిందో వెనక రాసుకుంటా. జేబులో రెండు పెన్నులు పెట్టుకొచ్చారు ఆయన. ఇంట్లో తెలిస్తే కారు అమ్మేస్తారని ఒకటే బతిమాలారు."

జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేది నాన్నకే. ఒక్క గీత పడలేదట! స్టూలు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. పొద్దుటి నుంచి ఛాతీ మీద ఉన్న బరువు సగం దిగిపోయింది.

మేస్త్రీ జిగురంతా గీకేశాడు. పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న చిల్లు వేశాడు. వెనక వైపు సన్న తీగ జల్లెడని వేడితో అద్ది, పట్టీ లోపలి అంచు నుంచే ముక్క కోసి కరిగించి పోశాడు. అరగదీసి నల్లరంగు కొట్టాక పగులు ఎక్కడుందో నాకే తెలియలేదు. బిగించే ముందు కడ్డీతో రాశాడు: "అమ్మాయి, గట్టు".

ఆరుకి పది నిమిషాలుండగా ఇల్లు చేరాను. నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డోరు దగ్గర గొంతుక్కూర్చుని, పట్టీ కింది అంచు నుంచి వేళ్లు లోపలికి పోనిచ్చాడు. అవి తిన్నగా పాత అతుకు దగ్గరికే వెళ్లాయి. అక్కడి నుంచి బెత్తెడు జరిగి ఆగిపోయాయి. తలెత్తి నావైపు చూశాడు.

"ఏమైంది? గీత పడిందా?" గుమ్మంలోంచి అమ్మ కేకేసింది.

నాన్న చేతులు దులుపుకుని లేచాడు.

"పడలేదు. ఇరవై ఏళ్లుగా ఒక్కటీ పడలేదు."

తాళం తిరిగి నా చేతిలోనే పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్త్రీ బాగున్నాడా?"