పొడి టాకా

హనుమండ్లుకు వాసన తెలియదన్న సంగతి ఇచ్చోడ మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు హనుమండ్లు, ఇంకొకరు ఆయన పెళ్లాం గంగుబాయి. కరోనా వచ్చినప్పుడు ఊళ్లో సగం మందికి ముక్కులు పనిచేయలేదు, నెలకో రెండు నెలలకో మళ్లీ దారికొచ్చాయి. ఈయనది మాత్రం పోయింది పోయినట్టే. మల్లెపూలు చేతికిచ్చినా, మురికికాలువ పక్కన కూర్చోబెట్టినా ఒకటే. వేరే పని చేసుకునేవాడైతే పీడా పోయిందని నవ్వుకునేవాడు. ఈయన చేసేది వెల్డింగు పని. అందులోనూ బండ్ల పెట్రోలు టాంకీలు కారుతుంటే అతుకు పెట్టడం.

టాంకీ పనిలో మనిషి బతుకు ముక్కు మీదే ఉంటుంది. పెట్రోలు ఒంపేసినంత మాత్రాన టాంకీ ఖాళీ అయినట్టు కాదు. తుప్పు పొరల కింద కాస్త తడి నక్కి ఉంటుంది, దాని ఆవిరి లోపలంతా నిండి ఉంటుంది. ఆ ఆవిరికి మంట చూపించారా, అంతే సంగతులు. అందుకే మిగతా వెల్డింగు షాపుల వాళ్లు టాంకీ నిండా నీళ్లు నింపి పైన టాకా, అంటే అతుకు, పెడతారు. భయం ఉండదు గానీ, నీళ్లున్న రేకు సరిగా వేడెక్కదు, టాకా సరిగా పట్టదు, బండి నాలుగు గతుకుల్లో పడగానే మళ్లీ కారుతుంది. హనుమండ్లుది పొడి టాకా. సర్ఫు నీళ్లతో కడిగించి, ఎండలో ఆరబెట్టి, మూతి దగ్గర ముక్కు పెట్టి, వాసన చచ్చిందని తేలాకే మంట అందుకునేవాడు. బండి తుక్కు కింద పోయినా హనుమండ్లు పెట్టిన అతుకు ఊడదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ప్రాణం కంటే ఎక్కువేనేమో, మొండిఘటం!

ముక్కు పోయాక ఆ పని గంగుబాయి మీద పడింది. కడగడం ఎలాగూ ఆమె వంతే. కడుగుతూ కడుగుతూ మూతి మీదికి వంగి ఒకసారి గాలి పీల్చేది. "అయ్యిందా?" అని ఆయన అడిగేవాడు. "కాలే" అంటే మళ్లీ కడగాలి, "అయ్యింది" అంటే మంట ముట్టించాలి. షాపు ముందు నిలబడ్డ వాళ్లకు అందులో వింతేమీ కనిపించేది కాదు. "ఇగ టాంకీలు ఇడ్సిపెట్టు, గేట్లు కిటికీలు జేసుకుందాం" అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుందో. "వాసన తెల్వనోడని ఊరంత అనాల్నా?" అని ఆయన మీదికి లేచేవాడు. ఆ మాట వచ్చిన రోజు అన్నం కూడా ముట్టేవాడు కాదు.

ఆ రోజు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. గంగుబాయికి మాత్రం పడిశం పట్టుకుంది. పొద్దున పెనం మీద జొన్నరొట్టె మాడి బొగ్గయింది. పొగ కళ్లలో మండేదాకా ఆమెకు తెలియనే లేదు. తెలిశాక గుండె ఝల్లుమంది. రొట్టెదేముంది, పోతే ఇంకోటి చేసుకోవచ్చు.

"ఇగో, ఇయ్యాల టాంకీ పని ముట్టకు. నా ముక్కు పని చేస్తలే" అని చెప్పింది.

"సరే తియ్. గేటు పని మిగిలింది, అదే జేస్త" అన్నాడు హనుమండ్లు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కానీ మనం అనుకున్నట్టు జరిగితే దేవుడితో పనేముంది? గేటు పని సగంలో ఉండగా రంజిత్ అనే కుర్రాడు బండి మీద ఆసిఫాబాద్ నుంచి దిగాడు. టాంకీ కింది అంచున కారి కారి ప్యాంటు తొడ దాకా పెట్రోలుతో తడిసిపోయి ఉంది. దారి పొడుగునా చిల్లికి సబ్బు రుద్దుకుంటూ, సీసాలో తెచ్చుకున్న పెట్రోలు పోసుకుంటూ వచ్చాడట.

"హనుమండ్లు కాకా అంటే నువ్వేనా? మా దగ్గర రెండుసార్లు పెట్టిచ్చిన, రెండుసార్లు ఊసిపోయింది. ఇచ్చోడకు పో, గాయన ఒక్కసారి పెడితే ఇగ జిందగీల ఫికర్ లేదన్నరు. గందుకే గింత దూరం వచ్చిన."

ఇంకేం కావాలి? మొగుడి ముఖం చూడగానే గంగుబాయికి అర్థమైపోయింది. "రేపు రా బిడ్డా" అని ఆమె అంటూనే ఉంది, ఆయన అప్పటికే పానా తీసుకుని టాంకీ బోల్టులు విప్పుతున్నాడు.

చేయి పట్టుకుని షాపు వెనక్కి లాక్కుపోయింది. "నీకు దండం బెడుత. పెట్టకుంట ఉండలేకపోతే ఇయ్యాల ఒక్కనాడు నీళ్లు నింపి పెట్టు."

"నీళ్ల టాకా పెట్టెటోల్లు తొవ్వ పొడుగూత ఉన్నరు. నా పేరు ఇని వచ్చిన పిలగాడు, ఆనికి నీళ్ల టాకా పెట్టాల్నా? ఇంకో రెండుసార్లు ఎక్కువ కడుగు. గంతే!"

ఆ మనిషికి చెప్పడం, గోడకు చెప్పడం రెండూ ఒకటే. కడిగింది. సర్ఫు పోసి, గులకరాళ్లు వేసి, చేతులు పడిపోయేదాకా గలగల ఊపింది. లోపల్నించి తుప్పు ఎర్రగా వచ్చింది. మళ్లీ కడిగి ఎండలో బోర్లించింది. ఆరాక వంగి పీల్చింది. ఏమీ తెలియలేదు. మాడిన రొట్టె వాసనే పట్టని ముక్కు పెట్రోలు వాసన ఏం పడుతుంది? "కాలే" అంది. మళ్లీ కడిగింది. "కాలే" అంది. ఇట్లాగే పొద్దుగూకేదాకా నెట్టుకొస్తే ఆయనే విసిగి రేపటికి వాయిదా వేస్తాడని ఆమె ఎత్తు.

విసిగింది రంజిత్. "ఎన్నిసార్లు కడుగుతవ్ చిన్నమ్మా! జర ఇటియ్యి" అంటూ టాంకీ అందుకుని మూతికి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. "ఏమున్నది గిండ్ల? పెట్రోల్ వాసనే లేదు కాకా. సుద్దంగ ఉన్నది."

హనుమండ్లు పెళ్లాం వైపు చూశాడు. "అయ్యిందా?"

గంగుబాయి ఒక్క నిమిషం తటపటాయించింది. పడుచువాడు, పడిశం లేని ముక్కు, లేదంటున్నాడు. అన్నిసార్లు కడిగింది, అంత ఎండలో ఆరింది. తనదే ఉత్త భయమేమో. ఇంకా కాలేదంటే ఎందుకు కాలేదో చెప్పాలి. చెబితే పరాయివాడి ముందు మొగుడి గుట్టు బయటపడుతుంది. ఇట్లా నాలుగు దిక్కులా ఆలోచించి, చివరికి నోరు తెరిచింది.

"అయ్యింది."

హనుమండ్లు కళ్లద్దాలు పెట్టుకుని టాంకీతో లోపలికి పోయాడు. గంగుబాయి ముందు వాకిట్లో చేతులు కడుక్కుంటోంది. అంతలో పక్క వాడకట్టు రామవ్వ విరిగిన కొడవలి పట్టుకుని వచ్చింది. వస్తూనే రంజిత్ దగ్గర ఆగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఓ చెల్లె, ఎవలే గీ పిలగాడు? పెట్రోల్ల ముంచి తీసినట్టు గుప్పుమంటున్నడు! రోడ్డు మీదికి వస్తుంది వాసన."

రంజిత్ తన చొక్కా వాసన చూసుకున్నాడు. తొడ మీది మరకను వేలితో రుద్ది అది కూడా చూసుకున్నాడు. "నాకేం వస్తలేదే!" అన్నాడు అమాయకంగా.

గంగుబాయి తల తిప్పి వాడి వైపు చూసింది. కారుతున్న టాంకీ మీద ఊళ్లకు ఊళ్లు దాటి వచ్చినవాడు. పెట్రోలు పీల్చీ పీల్చీ వాడి ముక్కు మొద్దుబారిపోయింది. ఒంటి మీది వాసనే తెలియనివాడికి టాంకీలోది ఏం తెలుస్తుంది? ముగ్గురు మనుషులు, ఒక్కరికీ ముక్కు లేదు!

"ముట్టియ్యకు! ఓ అయ్యా, ముట్టియ్యకు!"

అరుస్తూ లోపలికి ఉరికింది. బుస్సుమంటున్న గ్యాసు చప్పుడులో ఆయనకు వినిపించలేదు. నీలిమంట టాంకీ మీదికి వంగడం ఆమె చూసింది. గడప దాటే లోపలే చప్పుడయింది. పైకప్పు రేకులు లేచిపోయాయి. ఆమెను ఎవరో ఎత్తి వాకిట్లో విసిరేసినట్టయింది. లేచి చూసేసరికి ఆయన గోడ పక్కన పడి ఉన్నాడు. ముఖం గుర్తుపట్టేట్టు లేదు. ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

దినాలకు చుట్టాలూ పక్కాలూ చాలామంది వచ్చారు. ఆయన అతికిన బండ్ల మీదే వచ్చినవాళ్లూ ఉన్నారు. "గంత పనోడు. గసుంటి పనిమంతుడు జిల్లాల లేకుండె. యముడు పిలిస్తే పనితనమేం జేస్తది?" అని చెప్పుకుంటున్నారు. చేతులకు పట్టీలతో గంగుబాయి ఒక మూల కూర్చుని వింటోంది. పోయినోడికి పేరన్నా మిగిలిందని ఆమె మనసు కాస్త కుదుటపడింది.

అప్పుడు రంజిత్ వచ్చాడు. వాకిట్లోనే కూలబడి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "నేనే సంపిన చిన్నమ్మా. వాసన లేదని నేనే జెప్పిన. నా మాట ఇని ముట్టిచ్చిండు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

హనుమండ్లు తమ్ముడు అంతయ్య ఒక్క ఊపున లేచి వాడి కాలరు పట్టుకున్నాడు. "నువ్వారా! నువ్వారా మా అన్నను మింగినోనివి!" అంటూ చెంప మీద కొట్టాడు. ఇంకో ఇద్దరు లేచారు. వాడు చేయి అడ్డం కూడా పెట్టుకోలేదు. ఇంకా కొట్టమన్నట్టు తల వంచాడు.

గంగుబాయి నోరు మూసుకుంటే చాలు. ఆయన పేరు చెక్కుచెదరకుండా నిలిచిపోతుంది. పాపం ఆ పిల్లవాడి నెత్తిన పడుతుంది, వాడు దాన్ని కాదనకుండా బతుకంతా మోస్తాడు. ఆ ముఖం చూస్తే ఎంతకాలం మోస్తాడో కూడా నమ్మకం లేదు.

"కాలర్ ఇడువు అంతయ్యా" అంది.

"నువ్వు ఊకో వదినె!"

"ఇడువుమన్ననా! మీ అన్నకు ముక్కు పోయి ఏండ్లైంది. ఎవ్వలకు జెప్పనియ్యలే. నా ముక్కుతోని పని జేసిండు. ఆ దినం నాకు పడిశం, నాకు గూడ వాసన తెల్వలే. తెల్వక గూడ అయ్యిందని నేనే అన్న. పిలగాడు గాదు. నేనన్నంకనే ముట్టిచ్చిండు."

అంతయ్య చేయి జారిపోయింది. వెనక నుంచి ఎవరో మెల్లగా, "అంటే వాసన తెల్వకనేనా గిన్నొద్దులు మన టాంకీలు పట్టింది?" అన్నారు. ఏ మాట పడగూడదని ఆయన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడో, ఆ మాట ఆయన పటం ముందే అనేశారు. ఒకరిద్దరు తినకుండానే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

గంగుబాయి పట్టీల చేతులతోనే రంజిత్‌ను లేపింది. "లే బిడ్డా, బువ్వ తిను" అని విస్తరి ముందు కూర్చోబెట్టింది.