సంచి కొలత అడిగిన కంపెనీ

మూడు మోటార్లనూ నేనే కాల్చాను. పొరపాటున కాదు, కావాలనే. చైనా నుంచి రెండు, తైవాన్ నుంచి ఒకటి శాంపిల్‌గా వచ్చిన ఏరియేటర్లు అవి. రొయ్యల చెరువులో నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే మెషీన్లు. వాటిలో ఏ కంపెనీకి ఆర్డరివ్వాలో తేల్చుకోవాలి. మా బావగారు గున్నేశ్వరరావు గారు మా షాపు వెనక సిమెంటు తొట్టిలో తిప్పి చూద్దామన్నారు. తొట్టిలో ఏ మెషీనైనా బుద్ధిమంతురాలే. నేను వాటిని కాళ్ల అనే ఊరి దగ్గరున్న మా చెరువులోకి దింపించి, ఒక్కొక్క మోటారు మీద రెండేసి మేత సంచులు కప్పి, తాడుతో బిగించి కట్టించాను.

"నువ్వే కాల్చేస్తావేంటమ్మాయ్?" అన్నారాయన.

"రైతు కాల్చేముందు నేను కాలిస్తే తప్పేంటండి?"

మా భీమవరం వైపు మోటారుకు సంచి కట్టని రైతు లేడు. వానకు తడుస్తుందని ఒకరు, ఎండకు మాడుతుందని ఒకరు, పక్క చెరువాయన కట్టాడని మరొకరు. గాలాడక లోపల కాలిపోతుందని పన్నెండేళ్లుగా షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

అసలీ గొడవంతా నిరుటిది. అప్పుడు ఇంకో విదేశీ కంపెనీ సరుకు తెప్పించాను. కేటలాగు బాగుంది, సర్టిఫికెట్లు బాగున్నాయి, వాళ్ల సేల్స్ మనిషి మాట తేనె. సంచుల కింద మోటార్లు కాలడం మొదలయ్యాక ఆ తేనె మనిషి ఫోనెత్తడం మానేశాడు. త్రిమూర్తులు గారి చెరువులో నాలుగూ ఒకేసారి ఆగిపోయి, డెబ్బై రోజుల రొయ్య తెల్లారేసరికి చచ్చి తేలింది. ఆయన షాపుకొచ్చి అరవలేదు. "మీరిచ్చారని పెట్టానండి" అని మాత్రం అన్నారు. నాలుగు తిట్టినా నాకు సుఖంగా ఉండేది. వచ్చే పంటకు మెషీన్ మీద ఎవరి పేరో కాదు, నా పేరే ఉంటుందని, కాలితే నన్నే నిలదీయమని ఆయనకు మాటిచ్చాను. ఈసారి కూడా తప్పితే బోర్డు పీకేసి ఇంట్లో కూర్చోవడమే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు" అని బావగారు అప్పుడే గొణిగారు. షాపులో ఆయనది సగం వాటా, జాగ్రత్తలో మాత్రం మొత్తం ఆయనదే.

"తొక్కేశాం కదండీ. ఇప్పుడు కడుక్కోవద్దా?" అన్నాను.

మొదటి చైనా కంపెనీ మోటారు నాలుగో రోజు కాలింది. రెండోది ఆరో రోజు. తైవాన్‌ది తొమ్మిదో రోజు. బావగారు లెక్క తేలిపోయిందన్నట్టు చేతులు దులుపుకుని, "తైవాన్ వాళ్లకిచ్చేద్దాం" అన్నారు. తొమ్మిది రోజులు బతికినదాన్ని తొంభై రోజుల పంటకెలా పెడతాం? నేను మూడు మోటార్లకూ సంచులతో సహా ఫొటోలు తీసి, ముగ్గురికీ ఒకే మెయిల్ పంపాను. మా రైతులు ఇలా కడతారు, కట్టడం మానరు, మోటారు కాలింది, ఏమంటారు?

ఆరో రోజు కాలిన కంపెనీ ఆ పూటే జవాబిచ్చింది. వాడేవాళ్ల తప్పుకు వారంటీ వర్తించదట. న్యాయంగా చూస్తే వాళ్లదే నిజం. కానీ న్యాయం పోస్తే రొయ్య బతకదు. తైవాన్ వాళ్లు మర్నాడు ఎంతో వినయంగా రాశారు. చింతిస్తున్నారట, ధర ఇంకా తగ్గిస్తారట, పది మోటార్లు ఊరికే ఇస్తారట. బావగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా మర్యాదంటే!"

"కాలే మోటార్లు ఇంకో పది ఎందుకండి మనకి?"

నాలుగో రోజునే కాలిన కంపెనీ నుంచి మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత లిన్ అనే ఇంజినీరమ్మాయి రాసింది. జవాబు కాదు, అన్నీ ప్రశ్నలే. సంచి పొడవెంత, వెడల్పెంత? లోపల ప్లాస్టిక్ కవరుంటుందా? తాడు ఎక్కడ బిగిస్తారు? మధ్యాహ్నం గట్టు మీద ఎండ ఎంత? చివర్లో, ఒక పాత సంచి పంపగలరా, ఉతకకుండా, అని.

అది చదివి నాకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. పన్నెండేళ్లు రైతును మారమన్నానే గాని, మెషీన్‌ను మార్చవచ్చని నాకు తోచనేలేదు. మేత పొడి రాలుతున్న సంచులు రెండు మడిచి కొరియర్‌లో పడేశాను.

"అందరికంటే ముందు కాలినదానికా ఆర్డరు?" బావగారు నెత్తి పట్టుకున్నారు.

"మెషీన్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగుద్దండి. ఆగాక మనతో మాట్లాడేవాళ్లు కావాలి నాకు."

లిన్ అయిదు వారాలు గడువడిగింది. అప్పటికే చుట్టుపక్కల చెరువుల్లో సీడు, అంటే రొయ్యపిల్లల్ని, వదులుతున్నారు. మిగతా షాపులవాళ్లు సరుకు దింపేశారు, నా దగ్గర కొనేవాళ్లలో కొందరు అటు వెళ్లిపోయారు కూడా. త్రిమూర్తులు గారికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. "సరేనండి" అని పెట్టేశారు. ఆయన కూడా వేరే చోట కొనుక్కుంటారులే అనుకున్నాను.

చెప్పిన రోజుకి మెషీన్ వచ్చింది. సంచి మోటారుకు అతుక్కోకుండా పైన ఒక గొడుగులాంటి తొడుగు, గాలి అడుగునుంచి లాక్కునే ఏర్పాటు. వెంట చిన్న కాగితం: మీ సంచులు రెండూ కట్టే రెండు వారాలు తిప్పాం, రైతులను మానమని చెప్పకండి.

దాన్నీ సంచులు కట్టే చెరువులో పన్నెండు రోజులు తిప్పి, నమ్మకం కుదిరాక ఆర్డరిచ్చి, సరుకు రాగానే నాలుగు మెషీన్లు బండిలో వేసుకుని బావగారితో త్రిమూర్తులు గారి గట్టుకు వెళ్లాను. దారిపొడుగునా చెరువుల్లో మేత చల్లుతున్నారు. ఈయన చెరువు మాత్రం నిండా నీళ్లతో ఊరికే ఉంది. సీడు వదల్లేదు. పాత ఏరియేటర్లు గట్టు మీద బోర్లించి ఉన్నాయి, కొత్తవి కొన్న జాడ లేదు. ఇన్ని వారాల సీజను నా మాట మీద ఆపుకుని కూర్చున్నారాయన. బావగారు బండి దిగి తనే మెషీన్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు.

కుర్రాళ్లు నాలుగింటినీ దింపి స్విచ్చి వేశారు. త్రిమూర్తులు గారు షెడ్డులోంచి సంచులు తెచ్చి, నా మొహం చూసి ఆగారు.

"కట్టుకోండి" అన్నాను.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. ఆయన మూడుసార్లు సంచి కింద చెయ్యి పెట్టి చూశారు. మూడోసారి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"సీడు ఎప్పుడు వదలమంటారండి?"

"రేపే" అన్నాను.