ఏటవాలు వెదురు

సర్వేశ్వరరావుకి విజయనగరంలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ ఫొటోలు తీసి పేరు గడించాడు గానీ, అతని ప్రాణం ఆ కుర్చీల ఫొటోల మీద లేదు. కొందరిని వరసగా కూర్చోబెట్టి, మిగతావాళ్ళని వెనక వరసగా నిలబెడితే ఆ ఫొటో చచ్చిపడి ఉంటుందని అతని సిద్ధాంతం. నిలువు గీత మీదికి ఒక ఏటవాలు గీత రావాలి. రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. చూసేవాడికి ఇప్పుడేదో జరగబోతోందనిపించాలి. ఈ సంగతి పెళ్ళివారికి చెబితే, "మా బామ్మ తిన్నగా వస్తే చాలు నాయనా" అని నోరు మూయించేవారు.

అందుకే 1923 చైత్రంలో, అరకు కొండల్లో దారులూ వంతెనలూ ఫొటోలు తీసిపెట్టమని దొరగారి క్యాంపు నుంచి పిలుపు రాగానే ఎగిరి గంతేశాడు. దక్షిణాన గూడెం కొండల్లో తెల్లదొరల మీద పితూరీ రగులుతున్న రోజులవి. ఏ పొద చాటున ఏ విల్లుందోనని దొరలు హడలిపోతున్నారు. అదేమీ మనవాడి బుర్రకెక్కలేదు. కొండలన్నీ ఏటవాలు గీతలే కదా అని మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

క్యాంపు గుమాస్తా రమణమూర్తితో కలిసి బండిలో వెళ్తుండగా, ఒక మలుపులో ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని ఆపారు. కొండవాళ్ళ ఇటుకల పండగ. మగవాళ్ళంతా విల్లమ్ములతో వేటకి పోతారు, ఆడవాళ్ళు దారి కాస్తారు. దొరైనా దొంగైనా చేతిలో ఒక కాణీ పెడితే గానీ కదలనివ్వరు. పెట్టాక పాట పాడి, నవ్వి, సాగనంపుతారు. తాతల నాటి నుంచీ అంతే.

సర్వేశ్వరరావు కాణీ ఇచ్చి ఊరుకోలేదు, కెమెరా దింపాడు. మొదటి ప్లేటు పాడైంది. ఆ మబ్బు వెలుతురులో మనిషి కాసేపు కదలకుండా ఉండాలి, వీళ్ళేమో ఒకటే నవ్వు. వాళ్ళలో పెద్దది సోములమ్మ. ఆమెని బతిమాలాడు.

"నవ్వకమ్మా. నవ్వితే మొహాలు అలికేసినట్టొస్తాయి. కొంచెం కోపంగా చూడండి."

"కోపమా? ఎవుల మీద బాబూ?"

"నా మీదే అనుకో."

"నువ్వేటి సేసినావని?" అంది సోములమ్మ. పక్కనున్న పడుచు గుంటలు మళ్ళీ పకపకా నవ్వారు.

ఎలాగో నవ్వులు ఆపించాడు. వెదురుని అడ్డంగా కాదు, ఒక కొన నేలకి ఆనేలా, ఒక కొన బండిలో ఉన్న రమణమూర్తి గుండెకి ఎదురుగా వచ్చేలా వాల్చి పట్టించాడు. ఆడవాళ్ళని బరువంతా ముందుకి వేసి వంగమన్నాడు. టోపీ పెట్టుకున్న రమణమూర్తిని మాత్రం గుంజలా నిటారుగా కూర్చోమన్నాడు. కెమెరా నల్లగుడ్డలోంచి చూస్తే అతని ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా కలగన్న ఫొటో అదే.

మర్నాడు క్యాంపు బంగళా వరండాలో ప్రింటు ఆరేసి, ఎవరైనా చూసి మెచ్చుకుంటారేమోనని అక్కడే తచ్చాడాడు. చూడవలసినవాడే చూశాడు. దొర చాలాసేపు చూసి, మెచ్చుకోలేదు సరికదా, జవాన్లని పిలిచాడు. గంట తిరక్కుండా సోములమ్మనీ మరో నలుగురినీ ఆ వెదురుతో సహా తెచ్చి గుర్రపుసాలలో పెట్టి తలుపేశారు.

సర్వేశ్వరరావు పరుగెత్తుకెళ్ళాడు. తలుపు సందులోంచి సోములమ్మ కళ్ళు కనిపించాయి.

"బాబూ, నానేటి సేసినాను? నువ్వు సెప్పినట్టే గదా నిలబడ్డాం." గొంతు తగ్గించింది. "పొద్దు కుంకితే మా సుక్రూ మిగతా మొగోళ్ళూ వేట నుంచి దిగుతారు. పెళ్ళాలు ఊళ్ళో లేరని తెలిస్తే తిన్నగా ఇక్కడికే వొస్తారు. సేతుల్లో విల్లులుంటాయి. ఈళ్ళ సేతుల్లో తుపాకులున్నాయి. బేగి మమ్మల్ని ఒగ్గించు బాబూ."

పాడు ఫొటో, పాడు ఫొటో అని తన్ను తాను తిట్టుకుంటూ దొర దగ్గరికి పరుగెత్తాడు.

దొర తెలుగు పరీక్ష ప్యాసైనవాడు. పుస్తకంలోంచి దిగివచ్చినట్టు మాట్లాడేవాడు.

"ఈ స్త్రీలు ప్రభుత్వోద్యోగిని అడ్డగించుచున్నారు."

"అది పండగండి. కాణీ కోసం సరదాగా ఆపుతారండి."

"పండుగలో నవ్వవలెను. వీరు నవ్వుట లేదు."

"నేనే నవ్వొద్దన్నానండి! వెదురు వాల్చిందీ నేనే. వంగమన్నదీ నేనే. గీతలు అలా ఢీకొంటే ఏమీ లేనిచోట కూడా గొడవ ఉన్నట్టు కనిపిస్తుందండి. అది నా పనితనం, వాళ్ళ తప్పు కాదండి."

దొర రమణమూర్తి వైపు తిరిగాడు. సరదాగా కాణీ ఇచ్చి, పాట విని, చప్పట్లు కొట్టినవాడు రమణమూర్తి. కానీ దొర చూపు తన మీద పడేసరికి మాట మార్చేశాడు. "చిత్తం, కొంచెం భయమేసిన మాట నిజమేనండి" అన్నాడు. ఇలాంటి మనిషిని ఏం చేసినా పాపం లేదు.

"మీ సాక్ష్యము పూర్తియగు వరకు మీరును ఇచ్చటనే ఉండవలెను" అని దొర తేల్చేశాడు. గేటు దగ్గర జవాను నిలబడ్డాడు. సర్వేశ్వరరావు వరండాలో కూలబడ్డాడు. చుట్టూ కొండలు. నిన్న అందంగా కనపడ్డ వాలులన్నీ ఇవాళ నాలుగు వైపులా మీదికి ఒరిగి దారి మూసేసినట్టున్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వాళ్ళమ్మ అంటూండేది. కడగడానికైనా దారి ఉండాలిగా. పొద్దు చూస్తే పడమటి కొండ మీదికి దిగుతోంది.

చప్పున లేచాడు. కెమెరా తెచ్చి పెరట్లో నిలబెట్టాడు.

"దొరగారూ, ప్రింటు దాకా అక్కర్లేదు. ఈ గుడ్డలో తల పెట్టి మీ కళ్ళతో మీరే చూడండి. వాళ్ళే మనుషులు, అదే వెదురు. నిన్నటి గొడవ కనిపిస్తే నన్ను కూడా ఆ సాలలోనే పెట్టండి."

దొరకి ఆ పెట్టె లోపల ఏముంటుందో చూడాలని ఎప్పటి నుంచో సరదా. సరేనన్నాడు. ఆడవాళ్ళని బయటికి తెచ్చారు. సర్వేశ్వరరావు వాళ్ళని గోడ ముందు వరసగా నిలబెట్టాడు. వెదురుని నేలకి సమంగా పట్టించాడు. గోడ గీత, మెట్ల గీత, వెదురు గీత, తలల వరస, అన్నీ తిన్నగా ఒకే తీరుగా. జన్మలో ఏ ఫొటోని అసహ్యించుకున్నాడో సరిగ్గా అదే తన చేతులతో కట్టాడు.

"కొంచెం నవ్వండమ్మా" అన్నాడు.

సోములమ్మ అతన్ని తేరిపార చూసింది. "నిన్న నవ్వొద్దన్నావు. ఇయాల నవ్వమంటన్నావు. నీ పెట్టెకి ఏటి కావాలి బాబూ?"

ఎవరూ నవ్వలేదు. చుట్టూ తుపాకులుంటే ఎవరు నవ్వుతారు?

దొర నల్లగుడ్డలో తల దూర్చాడు. కెమెరా అద్దం మీద బొమ్మ తిరగబడి పడుతుంది కాబట్టి ఆడవాళ్ళు తలకిందులుగా, కదలకుండా, బెదురుతో బిగుసుకుపోయి ఉన్నారు. దొర బయటికొచ్చేసరికి మొహం విప్పారి ఉంది.

"బాగున్నది. ఎంత నెమ్మదిగా ఉన్నారు! ఇదియే వీరి నిజ స్వరూపము. దీనినే తీయుడు."

నిన్న నవ్వినవాళ్ళని పితూరీదారులనుకున్నాడు, ఇవాళ వణుకుతున్నవాళ్ళని చూసి నెమ్మదస్థులంటున్నాడు. ఆ మాట పైకి అంటే సాల తలుపు మళ్ళీ పడుతుంది. సర్వేశ్వరరావు ప్లేటు పెట్టి, లెన్సు మూత తీసి, మళ్ళీ వేశాడు.

వాళ్ళని వదిలేశారు. ఇకపై దారికి అడ్డంగా ఎవరూ వెదురు పట్టరాదని దొర హుకుం వేశాడు. పొద్దు కుంకేవేళకి కొండ మీంచి వేటగాళ్ళ డప్పు వినిపించింది. ఊరి మొగలో పెళ్ళాలు ఎదురొచ్చారు. బాణం ఎక్కుపెట్టే అవసరం ఎవరికీ రాలేదు. వరండాలో సర్వేశ్వరరావు ఒక్కడే కూర్చుని, డప్పు ఆగేదాకా చెవులు రిక్కించి విన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు అతన్ని కిందికి పంపేశారు. పండగ ఇంకా అయిపోలేదు. అదే మలుపులో ఆడవాళ్ళు దారి పక్కన కూర్చుని ఉన్నారు. వెదురు దారి వార పడి ఉంది. సర్వేశ్వరరావు బండి ఆపించి, దిగి, చేతిలో కాణీ పట్టుకుని దారి మధ్య నిలబడ్డాడు.

ఎవరూ లేవలేదు. ఎవరూ పాడలేదు.

"సోములమ్మా, నన్ను ఆపవా?"

సోములమ్మ లేచింది. బండి చక్రానికి తగలకుండా వెదురు కొనని కాలితో ఇంకాస్త పక్కకి నెట్టింది.

"ఎలిపో బాబూ. దారి కాళీగానే ఉంది."

బండి కదిలింది. మైదానం చేరేదాకా ఏ మలుపులోనూ అతన్ని ఎవరూ ఆపలేదు.