పాతరలో ఆరని దీపం

జెర్రిపోతు బర్రె వెనక కాళ్లకు చుట్టుకొని పాలు తాగిపోతుందని ఝరాసంగం పక్క ఊళ్లలో అందరి నమ్మకం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటేడు మహాదేవమ్మ బర్రె పాలు తగ్గించింది. గడ్డి దొరకని ఏడని ఎవరికీ తట్టలేదు. ఆమె మరిది చెన్నబసప్ప కట్టె పట్టాడు. ఊరు వెంట నడిచింది. పంచమినాడు నాగుపాముకు పాలు పోసే చేతులే జెర్రిపోతుల తలలు చితక్కొట్టాయి. జహీరాబాద్ నుంచి తోళ్లు కొనేవాడు రావడంతో పొరుగూళ్లవాళ్లూ దిగారు. రెండేళ్లకు గట్లమీద ఒక్క కుబుసమూ కనిపించలేదు. ఎలుకలు మాత్రం పడుకున్నవాళ్ల మడమలు కొరికేంతగా పెరిగాయి.

సర్కారు లెవీకి కొలిచింది పోను మిగిలిన జొన్నలను మహాదేవమ్మ నేలలో తవ్విన పాతరలో పోసి మూయించింది. కొత్త పంట వచ్చేదాకా ఇంట్లో ఆరుగురికి అదే తిండి.

ఆషాఢంలో మూత తీయించింది. గాలి చొరని పాతరలోకి దీపం దించితే ఆరిపోతుంది. ఆరితే గింజ బాగున్నట్టు. గాలి ఆడేదాకా ఒక పూట ఆగి దిగుతారు. చెన్నబసప్ప తాడుకు కందిలి కట్టి దించాడు. అది అడుగుదాకా వెలుగుతూనే పోయింది.

"మంచిదే వదినా, ఆగే పని లేదు. ఇప్పుడే దిగుత," అన్నాడతను సంబరంగా.

దీపం ఆరలేదంటే ఎక్కడో బొక్క పడి గాలి చొరబడ్డట్టేనని మహాదేవమ్మకు తెలిసిపోయింది. ఎలుక ఉచ్చ కంపు అప్పటికే పైకి వస్తోంది.

చెన్నబసప్ప దిగేసరికి లోపల మోకాలిలోతు పొట్టు, పెంటికలు, ముద్దకట్టిన బూజు. అందులో కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు కుప్పగా కదులుతున్నాయి. గోడ బొక్కలోంచి చెయ్యంత లావు జెర్రిపోతు సగం బయటికి వచ్చి ఒక ఎలుకను మింగుతోంది. చెన్నబసప్ప కట్టె అడిగాడు.

"కొట్టకు," అంది మహాదేవమ్మ. "దాన్ని తిననీ."

"పాలు తాగేదాన్ని ఇడిసిపెడ్తరా ఎవలన్న?"

"బర్రె సచ్చి ఏడాదాయె. ఏం పాలు తాగుతది?"

పైనున్నవాళ్లు అప్పటికే కట్టె అందించారు. మూడు దెబ్బలకు పాము వేలాడింది. దాని నోట్లోంచి సగం మింగిన ఎలుక జారిపడింది. ఆ ఎలుక జిగురు కారుతూ ఒళ్లు విదుల్చుకొని బొక్కలోకి దూరింది.

పైనున్నవాళ్లు మెచ్చుకున్నారు. చెన్నబసప్ప పామును పైకి విసిరి, తోలు చిరగకుండా చూడమని కేకేశాడు. మహాదేవమ్మ ఉమ్మేసి గంప దించింది.

"తోలు తర్వాత. గింజెత్తు."

చెరిగి, ఏరితే పది రోజులకు చాలనంత మిగిలింది. ఏడు నీళ్లు పోసి కడిగినా కంపు వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం చెన్నబసప్ప ఆ జొన్నరొట్టె తునక నోట్లో పెట్టుకొని తినలేక పళ్లెం తోసేశాడు.

మహాదేవమ్మ ఇంకో రొట్టె అతని ముందు పడేసింది.