కాపడం

దుప్పటి అంచు లాగి పట్టుకుని ఆవిరి ఇస్త్రీపెట్టె అదిమాడు లాండ్రీలో ఇస్త్రీ మేస్త్రి. బుస్సుమని ఆవిరి లేచింది. దాంతోపాటే ముక్కూమొహం తెలియని మనుషుల చెమట వాసన లేచింది. లాడ్జి దుప్పట్లు ఎంత ఉతికినా అంతే, వేడి తగలగానే కడుపులో ఉన్నదంతా కక్కేస్తాయి. ఇన్నేళ్ళుగా లేని రోత ఈమధ్యే పుట్టింది అతనికి. దుప్పట్ల మీద కాదు, మనుషుల మీద.

అతని జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడు నుంచి ఒంటికి కబుర్లు మోసే నరాల పైపొర దెబ్బతింటుందని డాక్టరు చెప్పి, తర్వాతి పేషెంటును పిలిచాడు. మిగిలిందంతా లోకం చెప్పింది. బావమరిది ఫోనుకు రోజుకో వీడియో పంపాడు. వాటిలో ఒకడు ఆకుపసరు తాగమన్నాడు, ఇంకొకడు ఇది పాపం చేసినవాళ్ళకే వస్తుందన్నాడు. పక్క బల్ల దగ్గర మడతలు పెట్టే అక్క, "నరాల బలహీనతే తమ్ముడూ, వేడివేడిగా కాపడం పెట్టించుకో, ఇట్టే పోతుంది" అంది.

భార్య ఆ మాట పట్టుకుంది. పొద్దున్నే పొగలు కక్కే నీళ్ళలో గుడ్డ ముంచి తొడల నుంచి పాదాల దాకా కాపడం పెట్టేది. ప్రేమగానే పెట్టేది. అది అయ్యాక లేచి నిలబడడమే అతనికి గగనమయ్యేది. "రోగం బయటికి పోతోంది, అందుకే నీరసం" అని ఆవిడ సంబరపడేది.

ఈ పూట మధ్యాహ్నం కాకముందే చూపు మసకేసింది. కాళ్ళు ఎవరివో అద్దెకు తెచ్చుకున్నట్టున్నాయి. బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున్నే తాగొచ్చావా ఏంటి?" అన్నాడు యజమాని, అటుగా పోతూ.

ఒళ్ళు మండిపోయింది. అయినా సంజాయిషీ చెప్పుకోవాలంటేనే అసహ్యం వేసి తర్వాతి దుప్పటి లాక్కున్నాడు.

భోజనాల వేళ వెనకమెట్ల మీద కూర్చుని, ఆస్పత్రి నర్సు ఎప్పుడో ఫోనులో ఎక్కించి ఇచ్చిన నంబరు నొక్కాడు. ఇదే జబ్బున్నవాళ్ళు నడుపుకునే సంఘమట. అక్కడా జాలి ఒలకబోస్తారని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. ఫోనెత్తినావిడ గొంతు బొంగురుగా, కాస్త విసుగ్గా ఉంది. అది అతనికి నచ్చింది.

"ఏం పని చేస్తారు?"

"ఇస్త్రీ అండి. ఆవిరి ఇస్త్రీ."

"ఇంట్లో కాపడాలు గట్రా పెడుతున్నారా?"

"రోజూ అండి."

"ముందు అది మానేయండి. మనలో చాలామందికి వేడి పడదు. ఒళ్ళు వేడెక్కితే కళ్ళూ కాళ్ళూ మొరాయిస్తాయి, చల్లబడితే దారికొస్తాయి. జబ్బు ముదిరిందని బెంగపడకండి. మందులు మాత్రం డాక్టరు చెప్పినట్టే వాడండి. చల్లగా ఉండేచోట పని చేసుకోగలరా?"

"నాకిది తప్ప ఇంకేం రాదండి."

"నేనూ పాఠాలు చెప్పడం తప్ప ఏం రాదనుకున్నా. ఆదివారం రండి, కూర్చుని ఆలోచిద్దాం. మీ ఆవిణ్ణీ తీసుకురండి. పాపం, ఆవిణ్ణేమీ అనకండి."

కుళాయి కింద తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఎదుటి గోడలో ఇటుకలు విడివిడిగా కనిపించాయి. ఇంత చిన్న సంగతి. ఇన్ని నెలల్లో ఒక్క మనిషి చెప్పిన పాపాన పోలేదు.

నెత్తిన తువ్వాలుతోనే యజమాని గదికి వెళ్ళాడు. ఏసీ వేసిన గది, హాయిగా ఉంది.

"నన్ను మడతల బల్లకి మార్చండి. ఆ వేడి నాకు పడదట. ఇస్త్రీ బల్ల దగ్గర ఇక నిలబడలేను."

"ఎవరు చెప్పార్రా నీకు? అంతా మనసులోనే ఉంటుంది. మా అత్తగారికీ ఇంతే, గట్టిగా ఆవిరి పట్టించాం, లేచి తిరుగుతోంది. పో, సాయంత్రానికి లోడు వెళ్ళాలి."

అతనికి నవ్వొచ్చింది, ఆ నవ్వు మీదా రోత పుట్టింది. పెళ్ళి కాకముందు నుంచీ ఈ ఆవిరిలో ఉడుకుతున్న మనిషిని ఈ చల్లటి గదిలో ఒక్కసారీ కూర్చోమనలేదు. ఇక అడిగేదేమీ లేదనిపించింది. నెత్తి మీది తువ్వాలు తీసి బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు. వెనక నుంచి రెండుసార్లు పిలుపు వినిపించింది. ఆగలేదు.

తువ్వాలు యజమాని బల్ల మీద, నలగని తెల్లచొక్కాల దొంతరకు ఆనుకుని, ముద్దగా పడి నీళ్ళోడుతూ ఉంది.