నడుస్తున్న ఇంజన్‌కు మళ్ళీ తాళం

చిట్కుల్‌లో సొలొమోను ఉండే వీధిలో ఎవరి బోరు మోటారు మొరాయించినా, ఎవరి మిక్సీ నుంచి కాలిన వాసన వచ్చినా ముందు ఆయన్నే పిలుస్తారు. బొల్లారంలో ఒక మందుల కంపెనీ కంప్రెసర్ హౌస్‌లో ఆయన ఇరవై ఏళ్ళుగా ఆపరేటరు. చదివింది ఐటీఐ అయినా, యంత్రం సంగతి వచ్చేసరికి పెద్ద ఇంజనీర్లు కూడా ఆయన మాట కోసం ఆగుతారని వీధిలో అనుకుంటారు. ఆయన కూడా అలాగే అనుకుంటాడు. ఆయనకున్న గర్వం అదొక్కటే. దాన్ని ఇంట్లో వాళ్ళు గాజు సామాను చూసుకున్నట్టు చూసుకుంటారు. భార్య హన్నా అయితే మరీ జాగ్రత్తగా.

అందుకే కంపెనీలో పనిచేసే మురళీమోహన్ బదిలీ మీద వెళ్ళిపోతూ తన పాత కారు అమ్ముతానన్నప్పుడు, చూడటానికి మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సొలొమోనే వెళ్ళి, బానెట్ ఎత్తి, కాసేపు లోపలికి చూసి, "మంచిగున్నది" అన్నాడు. ఆ ఆదివారం చర్చి ముందు పాస్టరు అయ్యగారు కారు కోసం ప్రార్థన చేశారు. కూతురు డెబోరా వెనక సీటులో అటూ ఇటూ జరిగి, ఇక షేర్ ఆటోలో ఎవరి ఒళ్ళోనూ కూర్చోనక్కర్లేదని తేల్చింది.

క్రిస్మస్ దాటకముందే క్లచ్ ప్లేటు కాలిపోయింది. ముత్తంగిలో రోడ్డు పక్కనే ఖదీర్ షెడ్డు ఉంది. అతను ప్లేటు విప్పి చూపించి, ఎవరో క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోతున్నారని నవ్వాడు. సొలొమోను ఆ తప్పు మురళీమోహన్ మీదకు తోశాడు. కొత్త ప్లేటు పడింది. కానీ ఆ తర్వాత గేర్లు మొరాయించడం మొదలుపెట్టాయి. రివర్స్ వేసినప్పుడల్లా లోపల పళ్ళు కొరికినట్టు చప్పుడు. మొదటి గేరులో ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుంటే, రెండోది వెయ్యడానికి సొలొమోను తీరిగ్గా చెయ్యి కదిపేవాడు.

హన్నా చెవులు చురుకైనవి. సంగారెడ్డిలో డిగ్రీ చదివే రోజుల నుంచీ చర్చి క్వయిర్‌లో పాడుతోంది. పక్కింటి మోటారు ఉత్తగాలి లాగుతోందని వాళ్ళకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కారులో వస్తున్న ప్రతి చప్పుడూ ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఒకసారి రుద్రారం దగ్గర ఉండబట్టలేక, గేరు మార్చకూడదా అని అడిగింది. ఆయన కారు పక్కకు తీసి ఆపి, కోపం లేకుండానే, "నువ్వు నడుపుతవా?" అన్నాడు. అప్పటి నుంచి ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకుంది. తనకే ఇంతగా వినిపిస్తుంటే యంత్రాల మనిషికి వినిపించదా, తెలిసే నడుపుతున్నాడు అనుకుంది. తను ఏమీ అనడం లేదు కాబట్టి అంతా బాగానే ఉందని ఆయన అనుకుంటున్నాడేమోనని ఆమెకు తోచలేదు.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం పొద్దున ఆ సంగతి బయటపడింది. వీధిలో ఎవరూ లేరు. డెబోరా మట్టలు పట్టుకుని వెనక కూర్చుంది. సొలొమోను తాళం తిప్పాడు, ఇంజన్ అందుకుంది. ఈమధ్య కొత్తగా మొదలైన టకటక కూడా దాంతోపాటే అందుకుంది. ఆయన ఎదురుగా చూస్తూ క్షణం ఆగాడు. తర్వాత, నడుస్తున్న ఇంజన్‌కు మళ్ళీ తాళం తిప్పాడు.

ఇనుము మీద ఇనుము గీసుకుపోయిన ఆ చప్పుడుకు డెబోరా రెండు చెవులూ మూసుకుంది. ఎదురింటి వాళ్ళ కుక్క లేచి పారిపోయింది. సొలొమోను మాత్రం ఉలిక్కిపడలేదు. ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. డాష్‌బోర్డు మీద ఇంజన్ వేగం చూపే ముల్లు లేచి ఉండటం చూసి, అప్పుడు గేరు వేశాడు.

ఆ రోజు క్వయిర్‌లో నిలబడి హన్నా పాట మధ్యలో ఒక మాట తప్పు పాడింది. మూడో వరసలో కూర్చున్న భర్త ఎప్పటిలాగే ఆమె ముఖంలోకే చూస్తూ పాడుతున్నాడు. ఆమె తప్పిన చోటే ఆయనా తప్పాడు.

ఆ వారంలో ఒకరోజు ఆయన డ్యూటీకి బూట్ల లేసులు కట్టుకుంటుంటే, ఆమె వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయినప్పటి నుంచి ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఆయన తిరగలేదు. రెండో లేసు కట్టుకున్నాడు. మొగుడికి పరీక్ష పెట్టినందుకు సిగ్గేసి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. చూపు తగ్గిందని చెప్పడం వేరు. చప్పుడు విని యంత్రం జబ్బు చెప్పే మనిషితో, నీకు వినపడటం లేదని ఏ నోటితో చెప్పడం? చెబితే ఆయనకు ఇంకేం మిగులుతుంది? ఈస్టర్ దాటనీ, అప్పుడు ఎలాగోలా చెబుదాం అనుకుంది.

ఇంజన్ ఈస్టర్ దాకా ఆగలేదు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, మూడు గంటల ఆరాధన ముగించుకుని పటాన్‌చెరు నుంచి వస్తున్నారు. డెబోరా పండుగ పాటల సాధన కోసం చర్చిలోనే ఉండిపోయింది. ముత్తంగి జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి టకటక కాస్తా సుత్తి దెబ్బలైంది. హన్నా ఇక ఆగలేక నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే లోపల ఏదో ఫెళ్ళుమంది, స్టీరింగు బిగుసుకుంది, కారు వంతెన నీడలో ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు కొట్టసాగాయి. సొలొమోను తాళం తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

ఖదీర్ తాడు కట్టి కారును షెడ్డులోకి లాగించాడు. కింద నట్టు విప్పితే ఆయిల్‌కు బదులు తారులాంటిది గరిటెడు కారింది. అందులో ఇనుప రజను మెరుస్తోంది. బేరింగులు పొడయ్యాయని, గేర్‌బాక్స్‌లో పళ్ళు కూడా సగం అరిగాయని చెప్పి, అతను లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది ఒక్కరోజుల అయింది గాదు భాయ్. నెల సంది కొట్టుకుంటుండాలె. కంప్రెసర్ నడిపే మనిషివి, చెవులు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

షెడ్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. సొలొమోను వాళ్ళ ముఖాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా, తనూ నవ్వాడు. ఆ ఆలస్యం హన్నాకు గుండెల్లో తగిలింది.

"నాకు వినపడ్డది, ఖదీర్ భాయ్," అంది. "నేనే చెప్పలె."

ఆడవాళ్ళకు వినపడితే ఏం లాభం భాభీ, నడిపేవాళ్ళకు చెప్పాలి గదా అంటూ ఖదీర్ మళ్ళీ కారు కిందికి దూరాడు. సొలొమోను మాత్రం ఆమె పెదవుల మీద నుంచి చూపు తీయలేదు. ఆమె ఏమన్నదో ఆయనకు అర్థమైంది. ఎందుకన్నదో కూడా.

ఇద్దరూ ఇస్నాపూర్ దాకా ఆటోలో వచ్చారు. దిగి, చిట్కుల్ వైపు నడవసాగారు. షిఫ్టు బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము సద్దుమణిగాక సొలొమోను ఆగి, ఆమె ముఖం కనిపించేలా తిరిగాడు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"మట్టల ఆదివారం సంది. ఇంజన్ నడుస్తుంటే మళ్ళ తాళం తిప్పిన్రు మీరు."

ఆయన తల ఆడించాడు. అది తనకు తెలియనే తెలియదు. రోడ్డు పక్క సిమెంటు దిమ్మె మీద కూర్చుని, అప్పుడు మొదలుపెట్టాడు. కంప్రెసర్ హౌస్‌లో అందరికీ చెవి తొడుగులు ఇస్తారు. అవి పెట్టుకుంటే మిషన్ మాట వినపడదు. అందుకని ఆయన వాటిని మేకుకు తగిలించి, స్క్రూడ్రైవర్ ఒక కొన బేరింగుకు ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు ఆనించి వినేవాడు. ఏ బేరింగు ఎప్పుడు పోతుందో వారం ముందే చెప్పేవాడు. అలా ఇరవై ఏళ్ళు విన్నాడు. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత డెబోరా మాటల్లో సగం పోయాయి. కంప్రెసర్ హౌస్‌లో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు.

"మరి కంపెనీల ఏడాదికోసారి చెవులు సూస్తరు గదా?"

"పరీక్ష పెట్టే పిల్ల బటన్ నొక్కినప్పుడల్ల భుజం జెర లేస్తది. అద్దంల నుంచి కనపడ్తది. భుజం లేస్తె నేను చెయ్యి లేపుత."

హన్నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని, మరి చర్చిలో పాటలు ఎలా పాడుతున్నారని అడిగింది.

"నీ నోరు సూసుకుంట."

"నేను ఇంకేమో అనుకున్న ఇన్నేండ్లు."

"అది గూడ ఉన్నది," అన్నాడు సొలొమోను.

ఆమె పక్కన కూర్చుంది. సంగారెడ్డిలో చెవుల డాక్టరమ్మ ఉందని, క్వయిర్‌లో పాడే క్యాథరిన్ వాళ్ళ నాన్నను అక్కడికే తీసుకెళ్ళారని, ఒకసారి వెళ్ళొద్దామని చెప్పింది. గట్టిగా అరవకుండా, ఆయనకు పెదవులు కనిపించేలా, ఒక్కో మాట విడిగా చెప్పింది. ఆయన రోడ్డు వైపు చూపు తిప్పాడు.

"పోతె చెవుల మిషన్ పెడ్తరు. అది పెట్టుకొని కంప్రెసర్ హౌస్‌కు పోతె, ఇగ నన్నెవడడుగుతడు, ఈ చప్పుడేందని?"

ఆమె ఆయన చేతిలో తన చెయ్యి పెట్టింది. "సూద్దాం," అన్నాడు. ఆయన చూద్దాం అన్న పనులు చాలావరకు అలాగే ఉండిపోతాయని ఆమెకు తెలుసు. అయినా ఆ రోజుకు అంతే చాలనుకుంది.

ఖదీర్ ఇంజన్ విప్పి, బేరింగులు మార్చి, గేర్‌బాక్స్ సరిచేసి ఇచ్చేసరికి ఎండలు ముదిరాయి. కారు తెచ్చుకోవడానికి ఒక శనివారం పొద్దున ఇద్దరే వెళ్ళారు. షెడ్డులో ఖదీర్ తాళం చేతిలో పెట్టబోతుంటే, ఆయన తీసుకోకుండా నిలబడ్డాడు.

"ఖదీర్ భాయ్, నాకు చెవులు సరిగ్గ పనిచేస్తలేవు," అన్నాడు. "ఇంజన్ చప్పుడు నాకు తెలుస్తలేదు. అది ఎట్లుండాలెనో ఈమెకు వినిపియ్. ఈమె నాకు చెప్తది."

షెడ్డులో పానాల చప్పుడు ఆగింది. ఖదీర్ ముఖం చిన్నబోయింది.

"ముందుగాల చెప్పరాదు భాయ్. అందరి ముందట, చెవులు ఇంట్ల పెట్టి వచ్చినవా అంటిని గదా నేను."

"అన్నవా? నాకు వినపడలే."

ఈసారి ముందు నవ్వింది సొలొమోనే. ఆ నవ్వు చూశాకే మిగతావాళ్ళకు నవ్వే ధైర్యం వచ్చింది. ఖదీర్ ఆయన భుజం మీద గట్టిగా చరిచి, హన్నాను ముందు సీటులో కూర్చోబెట్టి ఇంజన్ నడిపించాడు. ఊరికే నడిచినప్పుడు ఎలా ఉంటుందో, యాక్సిలరేటర్ తొక్కితే ఎలా లేస్తుందో, ఏ చప్పుడు వస్తే వెంటనే ఆపేయాలో చెప్పాడు. ఆమె కొత్త పాట నేర్చుకున్నట్టు తల వంచి విన్నది. ఒకచోట మళ్ళీ తొక్కమని అడిగింది.

హైవే ఎక్కాక సొలొమోను ఎదురుగా చూస్తూనే, "ఇగ చెప్పు. ఎట్లున్నది?" అన్నాడు.

బాగుంది అంటే సరిపోదని ఆమెకు తెలుసు. ఆయన చెవి దగ్గరికి వంగి, సరైన మాట కోసం వెతుక్కుంది. మొదటి గేరులో పిండి గిర్నీ దూరం నుంచి విన్నట్టుందంది. రెండోది పడినప్పుడు ఆ గిర్నీ తలుపు ఎవరో దగ్గరికి వేసినట్టుందంది. ఇప్పుడు మార్చండి, అని చెప్పింది. ఆయన మార్చాడు. చప్పుడు కిందికి దిగి మెత్తబడింది. అన్నం ఉడికాక మూత దానంతట అదే సర్దుకున్నట్టు, అంది. ఆయన మళ్ళీ చెప్పించుకుని, ఆ మాట మనసులో పెట్టుకున్నట్టు తల ఊపాడు.

"ఇంకేం వినొస్తున్నది? బయట?"

ఆమె కిటికీ దించింది. పక్కన పోతున్న లారీలో గొలుసు ఒకటి వదులై తలుపుకు కొట్టుకుంటోందని, ఎక్కడో ఇనుప రేకులు దించుతున్నారని, గాలి కారు అద్దానికి తగిలి ఈల వేస్తోందని చెప్పింది. పిట్టలు కూడా ఉన్నాయా అని అడిగాడు. ఇంత ఎండలో ఎక్కడివి, అంది.

ఇస్నాపూర్ వచ్చింది. చిట్కుల్‌కు తిరిగే చోట ఎప్పటిలాగే ఆటోలు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. ఆయన వేగం తగ్గించాడు. హన్నా మాట్లాడటం ఆపి చూసింది. ఆటోలు తప్పుకున్నాయి. సొలొమోను ఇంటి వైపు తిప్పలేదు. గేరు మార్చి, సంగారెడ్డి రోడ్డు మీద నేరుగా పోనిచ్చాడు. చేతులు స్టీరింగు మీద కాస్త గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

చెవుల డాక్టరమ్మ ఊరి దారి అదేనని గుర్తుపట్టి, హన్నా ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు ఆపినవ్?" అన్నాడు. "చెప్పు, వింటున్న."